గైడు తెరవకముందు పెన్సిల్ తియ్యి

తెనాలి

చి. అమ్ములుకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్లో ఒక మాట చెప్పింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. తెలుగు పద్యాలకు గైడులోని ప్రతిపదార్థాలు బట్టీ పట్టేస్తున్నావట. ఇంటర్లో సంస్కృతం తీసుకుని ఈ పీడ వదిలించుకుంటానన్నావట. సంస్కృతం తీసుకో తల్లీ, నాకేం అభ్యంతరం లేదు. మార్కుల కోసం మన పిల్లలు చాలామంది చేసే పనే. కానీ పద్యం నీ వల్ల కాదనుకుని పారిపోతానంటే మాత్రం ఒప్పుకోను. మీ అమ్మా పదో తరగతిలో ఇదే పాట పాడింది.

వాట్సాప్‌లో నువ్వు పంపిన జవాబుపత్రం చూశాను. బట్టీ పట్టిన పద్యానికి పూర్తి మార్కులు. అపరిచిత పద్యం దగ్గర తెల్ల కాగితం. జబ్బెక్కడుందో అక్కడే తెలిసిపోయింది.

పద్యం ఎదురుగా పెట్టుకున్నాక ముందు పెన్సిల్ చేతిలోకి తీసుకో. పెన్ను కాదు, పెన్సిల్. పాదం అయిపోయింది కదా అని ఆగకు. తెలుగు పద్యంలో మాట పాదం చివర సగంలో విరిగి, మిగతా సగం కింది పాదంలోకి దిగుతుంది. మనకు యతి అంటే అక్షరాల మైత్రి, ఊపిరి తీసుకునే చోటు కాదు. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం యతిస్థానమని నేర్చుకున్నావు, సంతోషం. అక్కడ మాట ముగియాలనేం లేదు. మాట నిజంగా ఎక్కడ ముగిసిందో అక్కడ నిలువు గీత గియ్యి. ఆ తరవాత క్రియ వెతుకు. 'చేసి, చూసి, విని' అంటూ సాగదీసేవి కాదు, వాక్యాన్ని ముగించే సమాపక క్రియ. దాని కింద అడ్డగీత. ఇక ఎవరు, దేన్ని, ఎందుకు అని అడుగుతూ పో. కర్త నాలుగో పాదంలో దాక్కున్నా బయటికొస్తాడు. మా మేష్టారు అన్వయం అన్నది దీన్నే.

మా నాయనమ్మకు చూపు తగ్గాక సాయంత్రాలు అరుగు మీద భాగవతం నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆవిడకు అక్షరం ముక్క రాదు. నేను పాదం చివర ఆగానా, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే "ఆగుతావేంరా, ఆయన ఏం చేశాడో చెప్పకుండా?" అనేది. చుట్టూ ఉన్న అమ్మలక్కలు ఒకటే నవ్వు. వాళ్ళలో ఒకావిడ నాకోసం కొంగున వేరుశెనగపప్పు కట్టుకొచ్చేది. క్రియ కోసం ఎదురుచూడ్డం నాకు బళ్ళో కంటే ముందు ఆ అరుగు మీదే అలవాటైంది.

ఇక మాట విప్పడం. ప్రత్యేకంలో ప్రతి, ఏకం ఉన్నాయి. అత్యంతంలో అతి, అంతం ఉన్నాయి. 'ఇ' ఉండాల్సిన చోట 'య' కనిపించిందా, అక్కడ గీత గియ్యి. యణాదేశం అన్న పేరు తరవాత అదే గుర్తొస్తుంది. ఉపసర్గలు 22 మాత్రమే, ఒక ఆదివారం చాలు. హారానికి ముందు 'ఆ' చేరితే తిండి, 'వి' చేరితే షికారు, 'సం' చేరితే చంపడం, 'ప్ర' చేరితే దెబ్బ. ఉపహారం అంటే కానుక, ఉపాహారం అంటే టిఫిను. మనం ఇడ్లీ తిన్న హోటలు బోర్డు మీద 'ఉపహారశాల' అనే ఉంది, గుర్తుందా? లోపల కానుకలేం ఇవ్వలేదు, బిల్లు మాత్రం గట్టిగానే వేశారు.

సమాసాలకూ భయపడకు. ముజ్జగాల్లోనూ మూడుంది, ముక్కంటిలోనూ మూడుంది. ముజ్జగాలు లోకాల లెక్క, కాబట్టి ద్విగువు. ముక్కంటి అంటే కళ్ళ లెక్క కాదు, అవి ఉన్న శివుడు, కాబట్టి బహువ్రీహి. ఎవరి గురించి చెబుతున్నారని అడిగితే బిట్టు తప్పదు. అలంకారాలూ అంతే. 'వలె' అని పోలిస్తే ఉపమ, 'కాబోలు' అని ఊహిస్తే ఉత్ప్రేక్ష, రెండూ ఒకటే అనేస్తే రూపకం.

నా బల్ల మీది శబ్దరత్నాకరం నీకే ఇస్తాను. బహుజనపల్లి సీతారామాచార్యులుగారు 1885లో తెచ్చిన నిఘంటువు, నాది తరవాతి ముద్రణ. కానీ మాట విప్పడం రానివాళ్ళకు అందులో ఏ పేజీ తియ్యాలో కూడా తెలియదు. అందుకే మళ్ళీ చెబుతున్నా, పెన్సిల్.

అర్ధరాత్రి దాకా మేలుకుంటున్నావని విన్నాను. వద్దమ్మా. నీ ఫొటో చూసి కళ్ళు గుంటలు పడ్డాయని మీ అమ్మమ్మ ఒకటే గొడవ. సున్నుండలు చేసి ఆర్టీసీ కార్గోలో వేయించింది. డబ్బా మీ నాన్న కంట పడనివ్వకు.

ఇప్పుడు నీకో పని. క్లాసులో ఇంకా చెప్పని పద్యం ఒకటి తీసుకో. గైడు మీ అమ్మ చేతికిచ్చి దాచమను. పద్యం కాగితం మీద ఎత్తి రాసి, గీతలు గీసి, భావం సొంత మాటల్లో రాసి నాకు పంపు. గైడుతో పోల్చుకోవడం ఆ తరవాత. గీత తప్పు పడితే చెరుపుకోవడానికి రబ్బరుంది, కంగారేం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క. పెన్సిల్ మొన సన్నగా చెక్కుకో. మొద్దు మొనతో గీస్తే ఒత్తులు కనపడవు.