నమూనా నిలువయున్న తీరు అడుగుట మీ హక్కు

ఉస్మానియా ఆవరణలో చదువుకొను కుమారుని మాదకద్రవ్య సేవనారోపణపై పట్టుకొని, రక్తము తీసి, నెలలు గడచిన పిమ్మట ప్రయోగశాల నివేదిక చేతికిచ్చినచో, దానిని వేదవాక్యముగా గ్రహింపవలెనా యని తార్నాక, మల్కాజ్‌గిరి ప్రాంతముల తల్లిదండ్రులు అడుగుదురు. అక్కరలేదు, ఆ రక్తము ఇన్నాళ్లు ఏ స్థితిలో నుండెనో మొదట విచారింపవలెను.

కొకైన్ రక్తములో కుదురుగా నుండు పదార్థము కాదు. రక్తమందలి ఎంజైములే దానిని ఛేదించుచుండును. సోడియం ఫ్లోరైడు గల బూడిదరంగు మూత ట్యూబులో పోసి, వెంటనే శీతలమున నుంచినచో ఆ క్షయము మందగించును గాని బొత్తిగా ఆగదు. గంజాయిలోని టీహెచ్‌సీ గడ్డకట్టిన రక్తమందును నెలలు గడచినకొలది తగ్గును. కొంత ట్యూబు గోడకే అంటుకొనిపోవును. మెథాంఫెటమిన్ మాత్రము చిరకాలము నిలుచును. మద్యము సంగతి ఇంకను చిత్రము: రక్షకద్రవ్యము లేని ట్యూబులో సూక్ష్మజీవులు చేరినచో, త్రాగనివాని రక్తములోను ఆల్కహాలు పుట్టవచ్చును. వాహనము నడుపువాని 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములు మించుటయే నేరమని మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను శాసించుచుండగా, ఇట్టి స్వల్పభేదము ఒక మనిషిని చెరసాలకు పంపగలదు.

ఇక నమూనా తీయుట సంగతి: 2017 జూలైలో తెలుగు చిత్రసీమను కుదిపిన మాదకద్రవ్యాల దర్యాప్తులో ఎక్సైజు శాఖ ప్రత్యేక బృందము రక్తము, వెండ్రుకలు, గోళ్లు సేకరింపబూనగా, ఒక నటి హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించెను. సమ్మతి లేనిదే నమూనాలు తీయరాదని న్యాయస్థానము చెప్పెను. ఆమె విచారణకు పిలువబడిన వ్యక్తియే గాని అరెస్టయిన వ్యక్తి కాదని గమనింపుడు. అరెస్టయినవారి విషయమున, భారతీయ నాగరిక సురక్షా సంహిత 51వ సెక్షను ననుసరించి, పోలీసుల కోరికపై వైద్యుడు అవసరమైనంత బలముతోనైనను నమూనా తీయవచ్చును. అదే దర్యాప్తులో ఇద్దరి నమూనాలలో మాదకద్రవ్యపు జాడ లేదన్న సంగతి లోకమునకు తెలిసినది 2021లో! అన్నేండ్లు వారు నింద మోసిరి. ఆలస్యము నిరపరాధికిని శిక్షయే యని నా దృఢమైన అభిప్రాయము.

అరెస్టయిన వెంటనే జరుగు వైద్యపరీక్ష నివేదిక ప్రతిని అదే సంహిత 53వ సెక్షను క్రింద అరెస్టయిన వ్యక్తియో, అతడు సూచించిన వారో పొందవలెను. ప్రభుత్వ నిపుణుని నివేదికను 329వ సెక్షను సాక్ష్యముగా స్వీకరించును గాని, ఆ నిపుణుని పిలిపించి ప్రశ్నించు అధికారమును న్యాయస్థానమునకు ఒసగుచున్నది. మీ న్యాయవాదిచే ఆ మేరకు అర్జీ పెట్టింపుడు. రక్తము తీసిన దినము, గంట, రక్షకద్రవ్యము పేరు, ట్యూబు పోలీసు స్టేషనులో ఎన్నాళ్లు, ఎట్టి ఉష్ణోగ్రతలో నుండెనన్నది, ప్రయోగశాలకు చేరిన తేదీ, నాటికి సీలు చెక్కుచెదరకుండెనా యన్నది, ఎన్నిమార్లు కరగించి మరల గడ్డకట్టించిరన్నది: ఈ ప్రశ్నలు ఆ అర్జీలో తప్పక యుండవలెను. న్యాయవాదిని పెట్టుకొను స్తోమత లేనివారును, నిర్బంధమందున్న వారెవరైనను, 15100 నంబరుకు ఫోను చేసియో, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లియో ఉచిత న్యాయసహాయము కోరవచ్చును.