ఐదేళ్ల ప్రణాళిక ఇష్యూ రిజిస్టరులోనే ఉంది

ప్రశ్న: ఆదోనిలో డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ని. న్యాక్ గుర్తింపు కోసం లైబ్రరీకి ఐదేళ్ల ప్రణాళిక అడిగారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కొనాల్సిన పుస్తకాల జాబితాతో మాత్రం వద్దమ్మా. అలాంటి ప్రణాళికలు బీరువా దాటవు. ముందు ఇష్యూ రిజిస్టరు తిరగేయండి. ఏ పుస్తకం చేతులు మారింది, ఏది కదల్లేదు? తర్వాత పిల్లలు ఎప్పుడు రాగలరో చూడండి. ఎమ్మిగనూరు, కోసిగి పిల్లలు చివరి గంట కొట్టగానే బస్సుకి పరిగెడతారు. సాయంత్రం తెరిచి ఉంచడం ఎవరికోసం? పొద్దున్నే గంట ముందు తెరవండి. ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయే నెలల్లో పుస్తకాలు తిరిగిచ్చే గడువు పెంచండి, జరిమానా వద్దు. పుస్తకాల వివరాలు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి, అది ఉచితమే. జాతీయ డిజిటల్ లైబ్రరీలో విద్యార్థుల్ని చేర్పించండి, అదీ ఉచితమే. ప్రణాళికలో ఏడాదికి రెండు పనులు చాలు, ఒక్కోదాని ఎదురుగా ఖర్చు, బాధ్యుల పేరు రాయండి. కోహాలోకి పాత వివరాలు సరిగా ఎక్కకపోతే తంటాలు పడకుండా కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లను నేరుగా కలవండి.