మట్టపు గుండు, నలిగిన కారు

చదువవలసిన భాగములు: నెహెమ్యా 2:11–16, ఆమోసు 7:7–8, యెహెజ్కేలు 13:10–15.



ఈ నెల మన పాఠము ఒక కారును గూర్చినది. పెద్ద ప్రమాదములో నలిగిపోయిన కారును, అది తాతగారి కారు గనుక, పాత ఇనుము క్రింద అమ్ముటకు మనసొప్పక, ఒక కుటుంబమువారు తిరిగి కట్టుకొనగోరినయెడల ఏది ముందు చేయవలెను, ఏది వెనుక చేయవలెను? మన సంఘములలో కారు గలవారు కొద్దిమందియే. అయినను ఇచ్ఛాపురము మొదలుకొని పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళము, ఎచ్చెర్ల, రణస్థలము మీదుగా పోవు పెద్ద రోడ్డు మన ఇండ్లకు చేరువనే యున్నది. పూర్వము దానిని 5వ నంబరు రోడ్డనిరి, ఇప్పుడు 16వ నంబరు అనుచున్నారు. ఆ రోడ్డు ప్రక్కను నుజ్జయిన బండ్లను చూడనివారు మనలో లేరు. ఆటో గాని, ట్రాక్టరు గాని దెబ్బతిన్న ఇంటివారికిని ఈ పాఠము కొంత ఉపయోగపడును.

సంగతి తేటపడుటకు ఒక కుటుంబమును ఊహించుకొందము. తాతగారు 1960ల నడుమ ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు కొనిరి. ఇది ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అను పేర వెలువడినది. దాని రూపము గీచినవాడు ఇటలీ దేశస్థుడగు మికెలోటి. 1961 నుండి మద్రాసు చెంతనున్న స్టాండర్డ్ మోటారు కంపెనీవారు దానిని మన దేశములో తయారుచేసిరి. ఆ దినములలో మన రోడ్లమీద ముఖ్యముగా కనబడినవి అంబాసిడరు, ఫియట్, హెరాల్డ్. అంబాసిడరు పెండ్లివారినందరిని ఎక్కించుకొను పెద్ద బండి. హెరాల్డ్ రెండు తలుపులతో, తోకవంటి వెనుక రెక్కలతో, చురుకైన కుర్రవానివలె నుండెడిది. పందెపు కారని దానిని పిలుచుట కొంచెము ఎక్కువ మాటయే. కాని 1962లో ఇంగ్లండులో వచ్చిన స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల పందెపు కారు ఈ హెరాల్డ్ ఛాసిస్‌ను కురుచచేసి కట్టినదే గనుక, వంశము ఒక్కటే.

ఆ కారులో తండ్రి పెండ్లికొడుకై ఊరేగెను. పిల్లలు దానిలోనే ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిరి. ఒక రాత్రి అది, దీపములు లేక రోడ్డు మీద నిలిపియుంచిన లారీని వెనుకనుండి కొట్టుకొనెను. పెద్ద కుమారుని కాలు విరిగెను. కారు ముందుభాగమంతయు అప్పడమువలె అయ్యెను.

ఇట్టి వేళ మొదటి ప్రశ్న ఇనుమును గూర్చినది కాదు. ఇంటిలో ఎవరైనను ఆ కారును మరల చూడలేకయున్నారా? ఈ ప్రశ్న అడుగకుండ షెడ్డుకు పోవువారు అనేకులు. మగవారు లెక్కలు వేసికొనుచుండగా వంటింటిలో తల్లి మౌనముగా నుండును; ఆ మౌనమును ఒప్పుదలగా ఎంచరాదు. ప్రమాదములో ప్రాణమే పోయినయెడల ఆ విధవరాలి మాట, ఆ తల్లి మాట అందరి మాటకంటె ముందు వినవలెనని మా అభిప్రాయము. ఆమె వద్దనినచో తాతగారి జ్ఞాపకము మరియొక విధముగా నిలుచును.

వేల్సు దేశములో ఇట్టి సంగతి యొకటి జరిగెను. 1927 మార్చి 3న పెండైన్ అను ఇసుక తీరమున ప్యారీ థామస్ అను ఇంజనీరు, బాబ్స్ అను పేరుగల తన కారులో ప్రపంచములోకెల్ల ఎక్కువ వేగమునకై ప్రయత్నించుచు మరణించెను. ఆ కారును అక్కడనే ఇసుకలో పాతిపెట్టిరి. నలువదిరెండు ఏండ్లు అది సముద్రపు టొడ్డున ఇసుక క్రింద నుండెను. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను వేల్సువాడు దానిని త్రవ్వి తీయించి, సంవత్సరముల తరబడి శ్రమించి మరల నడుచునట్లు చేసెను. పాతిపెట్టినవారు తప్పుచేసిరని మేమనము. త్రవ్వినవాడు తప్పుచేసెననియు అనము. దుఃఖమునకు దాని కాలము కావలెను. నలిగిన కారును కొట్టములో పట్టా కప్పి ఒక సంవత్సరముంచుట సోమరితనము కాదు. ఆ పట్టా క్రింద గాలి ఆడునట్లు మాత్రము చూచుకొనవలెను. కళింగపట్నము, భావనపాడు వైపు ఉప్పుగాలి ఇనుమును ఎట్లు తినునో మనకు తెలియును.

ఇక కట్టుదమని ఇల్లంతయు ఒప్పుకొన్నదనుకొందము. నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి ఏమిచేసెనో చూడుడి. వచ్చిన వెంటనే రాళ్లు మోయించలేదు. మూడు దినములుండి, రాత్రివేళ కొద్దిమందితో లేచి, పడిపోయిన ప్రాకారములను, కాలిపోయిన గుమ్మములను తన కన్నులతో చూచెను. ఒక చోట అతడెక్కిన జంతువు పోవుటకు దారియే లేకపోయెను. అది కూడ చూచెను. అంతవరకు అధికారులకు గాని, పని చేయబోవువారికి గాని ఒక్క మాట చెప్పలేదు. మనమైతే కారు షెడ్డులో దిగక మునుపే “ఎంత అవుతుంది మేస్త్రీ?” అని అడుగుదుము. పాపము, మేస్త్రీ ఏదో ఒక అంకె చెప్పవలసి వచ్చును. ఆ అంకె తరువాత ఇరువురి నడుమ కలహమునకు మూలమగును.

ముందు కారును ఖాళీ చేయవలెను. సీట్లు, చాపలు, డాష్‌బోర్డు తీసి, బురద కడిగి, ప్రతి ప్రక్క ఫొటోలు తీసి, నలిగిన ముక్కలను పారవేయక పేర్లు వ్రాసి పెట్టెలలో నుంచవలెను. హెరాల్డ్‌లో ఇందుకు గొప్ప సదుపాయము గలదు. దాని శరీరము ముక్కలు ముక్కలుగా విడదీయవచ్చును. ఆ ముక్కలన్నియు క్రిందనున్న ఛాసిస్‌కు బోల్టులతో బిగింపబడినవి. ముందుభాగమంతయు, రెక్కలతో సహా, ఒకే మూతవలె ముందుకు తెరచుకొనును. అందుచేత హెరాల్డ్ వైద్యునియెదుట చొక్కా విప్పిన రోగివలె తన ఎముకలను చూపగలదు.

ఆ ఎముకలే అసలు సంగతి. ఛాసిస్ వంకర పోయినదో లేదో కంటికి తెలియదు. ఇక్కడనే ఆమోసు ప్రవక్త చూచిన మట్టపు గుండు మన షెడ్డులోనికి వచ్చును. తాపీమేస్త్రీ గోడకు వ్రేలాడదీయు గుండే ఇందుకు చాలును. చదునైన సిమెంటు నేలమీద కారును నాలుగు స్టాండ్లపై సమానమైన ఎత్తున నిలుపుడి. ఛాసిస్‌కు కుడియెడమలలో కంపెనీవారే చేసిన జత రంధ్రములు గలవు. ఒక్కొక్క రంధ్రమునుండి గుండు వ్రేలాడదీసి, మొన నేలను చూపిన చోట సుద్దముక్కతో గురుతు పెట్టుడి. పిమ్మట కారును ప్రక్కకు తీసి, ముందు కుడి గురుతునుండి వెనుక ఎడమ గురుతునకు, ముందు ఎడమనుండి వెనుక కుడికి టేపుతో కొలువుడి. రెండు కొలతలును సమానమైనచో చట్రము చదరముగా నున్నది. ఒక్క నూలు తేడాకు కలత పడనక్కరలేదు. అర అంగుళము తేడా వచ్చినయెడల చట్రము ఒక ప్రక్కకు ఒరిగినది. దానిమీద ఎంత మంచి రంగు వేసినను ఆ కారు తిన్నగా పోదు. మెలిపడినదో లేదో తెలిసికొనుటకు తాపీమేస్త్రీల నీళ్ల గొట్టముతోనే ఎత్తులు చూడవచ్చును. ముందు చక్రము నడిమినుండి వెనుక చక్రము నడిమికి రెండు ప్రక్కలను కొలువుడి. రెండు తలుపుల హెరాల్డ్‌లో అది 91.5 అంగుళములుండవలెను.

ప్రవక్త చూచిన గోడకు గుండు పెట్టబడుట తీర్పునకు గురుతు. షెడ్డులో కూడ అంతే. గుండు ఎవరి ముఖమును చూడదు. తాతగారి కారని ఒక నూలు తగ్గింపదు.

చట్రము వంకరైనచో, గట్టి ఇనుప దిమ్మెకు గొలుసులతో బిగించి, జాకీతో కొద్దికొద్దిగా లాగి, ప్రతిసారి గుండు పెట్టి చూచుచు తిన్నగా తీయవలెను. గ్యాసుతో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టుట త్వరగా ముగియును గాని ఆ చోటు నమ్మదగినది కాదు. ముడతపడిన లేక తుప్పు తిన్న భాగమును కోసి, అంతే మందముగల రేకుతో క్రొత్తది కట్టి వెల్డింగు చేయుట మేలు. ముందు చక్రములను మోయు కడ్డీలను ప్రత్యేకముగా చూడవలెను. హెరాల్డ్‌లో చక్రము త్రిప్పు చోట క్రిందిభాగమున ట్రనియన్ అను ఒక కంచు ముక్క యున్నది. దానికి గ్రీజు కాక గేరు నూనె పోయవలెను. ఎండిపోయిననాడు అక్కడి ఇరుసు విరిగి చక్రమే ఊడును. ప్రమాదములో ఆ ఇరుసు కొంచెము వంగియుండినను తిన్నగా తీసి మరల వాడరాదు, మార్చివేయవలెను.

ఇప్పటి మారుతీలు మొదలగు కార్లకు, పాత అంబాసిడరుకును, ఇట్లు వేరుగా తీయదగిన ఛాసిస్ లేదు. శరీరమే అస్థిపంజరము. ఇప్పటివాటిలో ముందుభాగము ముడుచుకొని దెబ్బను మ్రింగునట్లు కట్టుదురు. ఒకసారి ముడిచినది రెండవసారి అట్లు మ్రింగలేదు. ఆ ఉక్కును కాల్చినచో బలము పోవును. గాలిసంచులు ఒకసారి తెరచుకొనిన తరువాత క్రొత్తవి పెట్టవలెను. పెద్ద దెబ్బ తగిలినప్పుడు కట్టుకొనియున్న బెల్టులను కూడ మార్చవలెను. ఖాళీ మూత మాత్రము బిగించి పంపు షెడ్డులు లేకపోలేదు. బిల్లులో పేరున్నది చాలదు, పెట్టె తెరువునప్పుడు ఎదుట నుండి చూచుకొనుడి.

ఇక పుట్టీ సంగతి. యెహెజ్కేలు కాలమున కొందరు బలములేని గోడ కట్టగా, మరికొందరు దానికి గచ్చుపూత పూసిరి. వర్షము, వడగండ్లు, పెనుగాలి వచ్చినప్పుడు ఆ పూత ఏమగునో ప్రవక్త చెప్పెను. మన షెడ్డులలో ఆ పూత పేరు పుట్టీ. పలుచగా, ఒక పొరగా, రేకు చదును చేసిన తరువాత వేసినది మంచి పుట్టీయే, దానిని నిందింపము. రేకు సరిచేయకయే గుంటలో అంగుళము మందమున నింపి, అరగదీసి, మెరుగైన రంగు కొట్టినదే గచ్చుపూత. కనిపెట్టుట సుళువు: ఒక చిన్న అయస్కాంతమును రేకుమీద జరుపుచు పొండి. పుట్టీ దట్టముగానున్న చోట అది పట్టుకొనదు.

డబ్బు మాట కూడ చెప్పవలెను. బీమా కంపెనీవారు కారుకు ఒక విలువ వ్రాసియుందురు. బాగుచేయు ఖర్చు ఆ విలువలో నూటికి 75 వంతులు మించినచో దానిని పూర్తినష్టముగా ఎంచుదురు. తాతగారి చేతి స్పర్శకు ఆ లెక్కలో కాలమ్ లేదు. వారిమీద కోపగించుకొని ప్రయోజనము లేదు. ఆ విలువ ఇంటివారే మోయవలసినది. మోయగలిగినంతయే మోయవలెను. కూతురి చదువునకు దాచిన సొమ్ముతో బంపరు కొనుట ప్రేమ కాదు.

చట్టము కూడ ఒకటి గలదు. ఇంటి కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు. పిమ్మట తనిఖీ చేయించి 5 ఏండ్లకొకసారి క్రొత్తచేసికొనవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక నియమములు చేసెను. రుసుము 20,000 రూపాయలు, కాలము 10 ఏండ్లు. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసికొనిపోవచ్చును గాని దినదినము రోడ్డుమీద వాడరాదు. ఛాసిస్‌ను, శరీరమును, ఇంజనును గణనీయముగా మార్చినవాటికి ఈ నమోదు దొరకదు. కావున ఛాసిస్ నంబరున్న చోట కత్తి పెట్టక మునుపే రవాణా ఆఫీసులో అడిగి తెలిసికొనవలెను.

ఎన్ని ముక్కలు మారినను అది తాతగారి కారేనా అని పిల్లలు అడుగుదురు. ఇంగ్లండులో డోనాల్డ్ క్యాంబెల్ అనువాని బ్లూబర్డ్ అను వేగపు పడవ 1967 జనవరి 4న కోనిస్టన్ చెరువులో పల్టీకొట్టి అతనితో మునిగిపోయెను. 2001లో దానిని పైకి తీసిరి. 2006లో అతని కుమార్తె ఆ శిథిలమును అక్కడి మ్యూజియమునకు అప్పగించెను. బాగుచేసినవారు నలిగిన పాత రేకులనే ఓపికతో తిన్నగా తీసి, వీలైనంతవరకు వాటినే మరల బిగించిరి. 2018లో అది స్కాట్లండులో మరల నీటిమీద పరుగెత్తెను. మేము చూచిన మట్టుకు ఇదే న్యాయమైన దారి: ప్రాణము ఆధారపడు చోట క్రొత్తది, చేయి తాకు చోట, కన్ను చూచు చోట పాతది. స్టీరింగు కడ్డీలు, బ్రేకు గొట్టములు, చక్రముల బోల్టులు క్రొత్తవి కావలెను. తాతగారి చేతిలో అరిగిన గేరు పిడి, గీతలు పడిన తలుపు పిడి ఉండనిండి. హెరాల్డ్ పాత సామానులకు మద్రాసు పుదుప్పేట వీధులు వెదుకవలెను. అక్కడనుండి రైలులో ఆమదాలవలసకు తెప్పించుకొనవచ్చును.

కట్టుట ముగిసిన పిమ్మట మొదటి ప్రయాణము పెద్ద రోడ్డుమీద చేయరాదు. తెల్లవారుజామున ఊరిబయట చదునైన దారిలో, ఒక్కడే కూర్చుండి, మెల్లగా నడిపి, స్టీరింగు వదలినంతలో ఏ ప్రక్కకు లాగుచున్నదో చూడవలెను. బ్రేకు త్రొక్కినప్పుడు తిన్నగా ఆగవలెను. నూరు కిలోమీటర్లకు అన్ని బోల్టులు మరల బిగించి, వేయి కిలోమీటర్లకు టైర్లు ఒక అంచున అరుగుచున్నవేమో చూడవలెను. అరిగినయెడల గుండు, సుద్దముక్క మరల తీయవలసినదే.

ఒక చిన్న పుస్తకము కారులో నుంచుడి. ప్రమాదపు తేది, ఏ కొలత ఎంత తప్పెను, ఎక్కడ కోసి అతికిరి, ఏ ముక్క ఎక్కడనుండి వచ్చెను, ఎవరు చేసిరి అన్నియు దానిలో వ్రాయుడి. ఏనాడైనను కారు అమ్మవలసి వచ్చినచో తాళముతో పాటు ఆ పుస్తకమును కొనువాని చేతిలో పెట్టుడి. అతడు దానిని చదివిన తరువాతనే ధర మాటలాడుడి.