మత్తులో కలిగేది దైవానుభవమా?



"ఒక రకం పుట్టగొడుగులోని మందు పుచ్చుకొంటే దేవుని సన్నిధిలో ఉన్నట్టే ఉంటుందట. అలాంటప్పుడు జపమాలలు, దివ్యబలిపూజలు ఎందుకు?" పట్నంలో చదివే మీ అబ్బాయి ఇలా అడిగితే కసురుకోకండి. అది అడగదగిన ప్రశ్నే.

ముందుగా జరిగిన సంగతులు చూద్దాం. 1962 ఏప్రిల్ 20, పవిత్ర శుక్రవారంనాడు, అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయపు మార్ష్ దేవాలయంలో వాల్టర్ పాంకే అనే వైద్యుడు 20 మంది వేదశాస్త్ర విద్యార్థులతో ఒక పరీక్ష జరిపాడు. సగంమందికి సైలోసైబిన్ ఇచ్చారు, తక్కినవారికి ఒక విటమిను ఇచ్చారు. సైలోసైబిన్ తీసుకొన్నవారిలో ఎక్కువమంది గాఢమైన ఆధ్యాత్మికానుభవం కలిగిందన్నారు. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 36 మందితో జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. వారిలో మూడింట రెండు వంతులమంది తమ జీవితంలోని అయిదు గొప్ప అనుభవాలలో దీన్ని చేర్చారు. కాని దాదాపు మూడో వంతుమంది తీవ్రమైన భయానికి గురయ్యారు. వైద్యుల కాపలాలోనే ఇలా జరిగింది!

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారికి ఆల్డస్ హక్స్లీ అనే రచయిత ఆప్తమిత్రుడు. హక్స్లీ 1953లో మెస్కలిన్ అనే మందు తీసుకొని, దాన్ని మెచ్చుకొంటూ పుస్తకం వ్రాశాడు. కృష్ణమూర్తిగారు మాత్రం ఏ మందూ సత్యాన్ని చూపలేదనే బోధించారు. ఆయన మన విశ్వాసి కాకపోయినా ఈ మాట ఆలోచించదగింది.

మరి మనమేమనాలి? శరీరం, ఆత్మ కలిసి ఒకే మనిషి అని పునీత తోమా అక్వినాసు నేర్పారు. కనుక మెదడు మారితే భావాలు మారడం వింత కాదు. అయితే దేవుడున్నట్టు అనిపించడం వేరు, దేవుడు రావడం వేరు. వరప్రసాదం ఆయన ఉచితంగా ఇచ్చేది. మాత్ర మింగి రప్పించుకొనేది కాదు. నిజమైన దర్శనాలనైనా పట్టుకొని వ్రేలాడవద్దని సిలువ యోహానుగారు హెచ్చరించారు.

పత్తి చేను ఏపుగా పెరిగినంత మాత్రాన రైతు మురిసిపోడు. పూత నిలిచిందా, కాయ పట్టిందా అని చూస్తాడు. అనుభవానికీ అదే పరీక్ష. ప్రేమ, ఓర్పు, క్షమ పెరిగాయా? అలిగిన అన్నదమ్ములు కలిశారా? కూలివారికి న్యాయమైన కూలి అందిందా?

మానసిక వ్యాధులకు ఈ మందులు పనికివస్తాయేమోనని వైద్యులు పరిశోధిస్తున్నారు. అది వారి పని. చికిత్సకు తప్ప మాదకద్రవ్యాలు వాడడం ఘోరమైన తప్పిదమని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం చెబుతోంది. మనదేశంలో 1985 చట్టం ప్రకారం నేరం కూడా. చేలగట్లమీది ఉమ్మెత్తకాయ ప్రాణాలే తీస్తుంది.

తల్లిదండ్రులారా, మత్తు వెదికే బిడ్డ చాలాసార్లు తన మాట వినేవారికోసమే వెదుకుతాడు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక కాసేపు కూర్చుని, వాడి మాట వినండి.