ఆపడం నేర్చుకో తల్లీ!

విజయనగరం

చి. వసుధకు,

నీ వాట్సాప్ మెసేజ్ చదివాను. జవాబు అందులోనే కొట్టమంటావు గానీ నాకు అంత చిన్న అక్షరాల మీద వేళ్ళు తిరగవు. అందుకే ఈ కాగితం.

ఎనిమిదో తరగతికి ‘ధ్వని’ పాఠం మీద ఇరవై అయిదు నిమిషాల పాడ్‌కాస్ట్ పెట్టావు. పది నిమిషాలకే వెనక బెంచీలు జోగాయి. ‘ఈ కాలం పిల్లలకు వినే ఓపిక లేదు’ అన్నావు. తప్పు వాళ్ళ మీదకు నెట్టకు. అంతసేపు కదలకుండా వినమంటే స్టాఫ్ మీటింగుల్లో మేమే కునికేవాళ్ళం.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో ‘విందాం నేర్చుకుందాం’ వచ్చేది. రేడియోలో టీచరమ్మ ప్రశ్న అడిగి, జవాబు కోసం కాస్త ఆగేది. మా పిల్లలు నోరు తెరిచేలోపే ముందుకెళ్ళిపోయేది. రేడియోను ఆపలేం కదా! జారిన మాట జారిపోయినట్టే. నీకు ఆ ఇబ్బంది లేదు. ఐపాడ్‌నీ బ్రాడ్‌కాస్ట్‌నీ కలిపి 2004లో ఎవరో పెట్టిన పేరట ‘పాడ్‌కాస్ట్’. పేరెలా ఉన్నా, దాని గొప్పంతా ఆగమంటే ఆగడంలో, మళ్ళీ చెప్పమంటే చెప్పడంలో ఉంది. ఆ ఒక్కటే నువ్వు వాడుకోలేదు.

ఈసారి ముందు ఇంట్లో నువ్వు రెండుసార్లు విను. పాఠానికి పనికొచ్చే నాలుగైదు నిమిషాలే ఏరుకో. బడి దగ్గర సిగ్నల్ అందదన్నావుగా, రాత్రే దించుకో. నిమిషానికి సుమారు ఒక ఎంబీ, అంతే. మొదలుపెట్టే ముందు బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాయి. దేనికోసం వినాలో తెలిస్తే చెవి మేలుకుంటుంది. సగంలో ఆపి ‘తర్వాత ఏం చెబుతారు?’ అని అడుగు. వాళ్ళు వాదించుకున్నాక మిగతాది వినిపించు. సరిగా వినపడని పాప ఉందన్నావు, ఆమెకు ముఖ్యమైన మాటలు ముందే రాసి ఇవ్వు.

వినడం సగం పనే. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాలానందం’లో పిల్లల్నే మైకు ముందు నిలబెట్టారు. అందుకే తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య అయ్యారు. నీ మైకు నీ ఫోనులోనే ఉంది, దానితో పిల్లల చేతే రికార్డు చేయించు. బొబ్బిలి పక్కనే గొల్లపల్లి. పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్ళు అక్కడున్నారు. నలుగురు పిల్లల్ని తీసుకెళ్ళు. దుంగ నిండుగా ఉన్నప్పుడు ఉలి దెబ్బ ఒకలా ఉంటుంది, లోపల డొల్ల అయ్యేకొద్దీ ఇంకోలా పలుకుతుంది. ఆ తేడా పుస్తకంలో చదివితే రాదు, చెవితో పట్టుకోవాలి. నీ ‘ధ్వని’ పాఠానికి అంతకంటే ఏం కావాలి?

వెళ్ళేముందు కొన్ని జాగ్రత్తలు. రికార్డు చేసుకోవచ్చా, ఎవరికి వినిపించవచ్చు అని ఆ పనివారిని ముందే అడగండి. వద్దంటే ఫోను సంచిలో పెట్టేసి ఊరికే వినండి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవారి నోటికి జానెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపించండి. తల్లిదండ్రుల్ని అడక్కుండా పిల్లల గొంతులు గ్రూపుల్లోకి పంపకు.

ఇంకొకటి. మైకు చూడగానే పిల్లలు టీవీ యాంకర్లయిపోతారు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమను. ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని దిద్దకు. మన యాస సిగ్గుపడాల్సింది కాదని వాళ్ళకు తెలియాల్సింది నీ క్లాసులోనే.

మొదటి రికార్డింగు నాకు పంపు. అయిదు నిమిషాలు దాటిందా, సగంలో ఆపేస్తాను!

నీ మామయ్య