బెరడు కింద వెతికే ఉద్యోగం

స్ప్రూస్ చెట్టు మొదట్లో, బెరడు పగుళ్లలో గోధుమ రంగు సన్నని పొడి రాలి ఉందంటే ఆ చెట్టు ఇక దక్కనట్టే. తలెత్తి చూస్తే ఆకులు పచ్చగానే ఉంటాయి. లోపల అయిదు మిల్లీమీటర్ల బెరడు పురుగు గుడ్లు పెట్టేసి ఉంటుంది. వేసవి ముదిరితే ఆరు నుంచి పది వారాల్లో కొత్త తరం బయటపడి పక్క చెట్లను పట్టుకుంటుంది. ఆలోపే ఆ చెట్టును గుర్తించి, నరికి, అడవి దాటించాలి, లేదా బెరడు ఒలిచెయ్యాలి. అడవులు, పురుగులు, ఉపగ్రహ చిత్రాలు, ఈ మూడింటి మీదా ఆసక్తి ఉన్న విద్యార్థులకు ఇలాంటి చెట్లను వెతికే ఉద్యోగం మంచి దారి.

2018 కరవు తర్వాత జర్మనీలోని హార్జ్ కొండల్లో, చెక్ దేశంలో ఈ పురుగు పట్టి స్ప్రూస్ అడవులు పెద్ద ఎత్తున ఎండిపోయాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మౌంటెన్ పైన్ బీటిల్ అనే మరో బెరడు పురుగు దాదాపు 1.8 కోట్ల హెక్టార్లకు పాకింది. మైనస్ 35-40 డిగ్రీల చలికి చచ్చే ఈ పురుగు, చలికాలాలు వెచ్చబడటంతో బతికి బట్టకట్టింది. పైగా నీరందని చెట్టు జిగురు కార్చి పురుగును బయటికి తోసెయ్యలేదు.

ఉద్యోగంలో చేసేదేమిటి? వసంతంలో పురుగులను రప్పించే వాసన ఉన్న బుట్టలు పెట్టి, అవి ఎగరడం ఎప్పుడు మొదలైందో చూస్తారు. మన పత్తి చేలల్లోని లింగాకర్షక బుట్టల్లాంటివే ఇవి, కాకపోతే ఈ వాసనకు ఆడా మగా రెండూ వస్తాయి. బుట్టలో ఎన్ని పడ్డాయో తెలుస్తుంది గానీ ఏ చెట్టుకు పట్టిందో తెలియదు. అందుకే అడవంతా నడిచి చూడాలి. స్వీడన్, జర్మనీల్లో శిక్షణ ఇచ్చిన కుక్కలతోనూ వాసన పట్టిస్తున్నారు. ఇక సెంటినెల్-2 ఉపగ్రహం పది మీటర్ల స్పష్టతతో చిత్రాలిస్తుంది. ఆకులు ఎర్రబడిన చెట్లను అది సులువుగానే చూపిస్తుంది, కానీ అప్పటికి పురుగు చాలావరకు వెళ్లిపోయి ఉంటుంది. పచ్చగా ఉండగానే పట్టుకోవడమే ఈ రంగంలో అసలు సమస్య. ఈ చిత్రాలను విశ్లేషించే కోడింగ్ వచ్చినవాళ్లూ చాలామందే, బెరడు గీరి చూసేవాళ్లూ ఉన్నారు. రెండూ చేతనైనవాళ్లు తక్కువ. నా మటుకు, కంప్యూటర్ ముందు కూర్చునే పని మాత్రమే కోరుకునేవారికి ఈ దారి చూపించను.

చదువు సంగతి. ఇంటర్ బైపీసీ తర్వాత సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్ చేసి కీటకశాస్త్రంలో పీజీ వైపు వెళ్లినా సరే. ఎమ్మెస్సీకి డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణకు అదే ఊళ్లో ఇస్రో వారి ఐఐఆర్ఎస్ ఉన్నాయి. విదేశాల్లో జర్మనీలోని ఫ్రైబర్గ్, చెక్ దేశంలోని ప్రాగ్, స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం (యూబీసీ) ఈ రంగంలో పేరున్నవి. ఫ్రైబర్గ్ ఉన్న రాష్ట్రంలో మనవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంటుంది. జర్మనీలో క్షేత్రస్థాయి ఉద్యోగం కావాలంటే జర్మన్ భాష రావాల్సిందే. ఇంగ్లిష్‌తో గడిచేది ఎక్కువగా పరిశోధనలోనే.

తిరిగొచ్చాక పని ఉంటుందా అన్న అనుమానం సహజం. హిమాలయాల్లో దేవదారు, చీర్ పైన్ చెట్లను తొలిచే బెరడు పురుగులున్నాయి. 1990ల చివర్లో మధ్యప్రదేశ్ సాల అడవులను తొలిచింది వేరే జాతి పురుగే అయినా, వెతికే పద్ధతుల్లో కొన్ని పోలికలున్నాయి.

దరఖాస్తుకు ముందు ఒక పని చెయ్యండి. సెంటినెల్ చిత్రాలు ఉచితం. హిమాచల్‌లో ఒక పైన్ అడవిని ఎంచుకుని, మూడేళ్ల వేసవి చిత్రాలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ పచ్చదనం తగ్గిందో మ్యాపు గీయండి. తగ్గింది కరవు వల్లా, మంటల వల్లా, పురుగు వల్లా అని ఎలా తేలుస్తారో ఒక పేజీ రాసి దరఖాస్తుకు జతచేయండి.