పెట్రోలు ధర: భారము మోయువారెవరు?

‘ఇంధనము’ అనగా నిఘంటువులలో వంటచెరకు అని అర్థము. నిప్పును రగుల్కొల్పు వస్తువేదైనను ఇంధనమే. ధర అధికమైనదనుటకు తెలుగువారు ‘ధరలు మండిపోవుచున్నవి’ అందురు. మండుటకే పుట్టిన వస్తువు యొక్క ధరయే మండినప్పుడు ఆ సెగ ఏ ఇంట ఎంత తగులునో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మేము బోధించునది భాషాసాహిత్యములు. అర్థశాస్త్రము మా పాఠ్యవిషయము కాదు. ఐనను మా బి.కాం. విద్యార్థులు తరగతిలో వల్లెవేయు సూత్రములను వారి ఇంటి లెక్కలతో ముడిపెట్టి చూచినచో కొన్ని సంగతులు బోధపడునని తలంచి సాహసించితిమి.

పెట్రోలు బంకు వద్ద కొంతసేపు నిలబడి చూడుడు. కారు యజమాని ‘ఫుల్ ట్యాంక్’ అనును. మోపెడ్ మీద వచ్చినవాడు ‘వందకు పొయ్యి’ అనును. మొదటివాడు లీటర్లలో కొనుచున్నాడు, రెండవవాడు రూపాయలలో కొనుచున్నాడు. ఢిల్లీలో 2014 మధ్యకాలమున లీటరు ధర 71 రూపాయల పైచిలుకు. ఆ లెక్కన నూరు రూపాయలకు 1.4 లీటర్లు వచ్చును. లీటరు 110 రూపాయలైనచో 0.9 లీటరు మాత్రమే. లీటరుకు 45 కి.మీ. నడచు బండి మొదటి లెక్కన 63 కి.మీ., రెండవ లెక్కన 41 కి.మీ. పోగలదు. చేతిలోని నోటు అదే. దారి మాత్రము మూడవ వంతుకు పైగా తరిగినది. వందకు పోయించుకొనువానికి ధర పెరిగిన దినమున ఏమియు తెలియదు. నాలుగవ నాడు దారి మధ్యలో బండి ఆగి, దానిని ఒక ప్రక్కకు వంచి మిగిలిన చుక్కలను ఇంజనుకు అందించుకొనునప్పుడు తెలియును.

జీతములు కూడ పెరిగినవి కదా యని ఎవరైన అడుగవచ్చును. ఎవరి జీతములు అని మేము తిరిగి అడుగుదుము. కరువుభత్యము పొందు ఉద్యోగికి ధరల సూచికతో పాటు జీతము కొంత కదలును. బట్టల దుకాణపు గుమాస్తాకు, ప్రైవేటు ఆసుపత్రిలోని నర్సుకు, తాపీమేస్త్రీకి ఆ సూచిక పేరు కూడ తెలియదు.

అర్థశాస్త్రమున ‘అవ్యాకోచ డిమాండు’ అను మాట కలదు. ధర పెరిగినను కొనుట తగ్గింపలేని వస్తువుకు ఉన్న డిమాండు అది. పెట్రోలును ఇందుకు ఉదాహరణగా చూపుట పరిపాటి. అయితే తగ్గింపలేనిది ఉద్యోగమునకు పోవు దారిని మాత్రమే. తక్కిన దారులన్నియు తగ్గును. ఇల్లాలి పుట్టింటి ప్రయాణము వచ్చే నెలకు వాయిదా పడును. వృద్ధురాలైన తల్లిని డాక్టరు వద్దకు తీసికొనిపోవుట ‘నొప్పి తగ్గినది కదా’ యని ఆగిపోవును. ఈ కోతలు పెట్రోలు ఖాతాలో కనబడవు.

ఇక భారము విషయము. ధర పెరుగుట అందరికిని ఒక్కటే అయినను, దానిని మరియొకరికి బదలాయింపగలవాడు వేరు, బదలాయింపలేనివాడు వేరు. ఒక ఉదాహరణ తీసికొందము. డీజిలు లీటరుకు 10 రూపాయలు పెరిగినదనుకొనుడు. పది టన్నుల ఉల్లిగడ్డలతో లారీ 400 కి.మీ. పోవలెను. లీటరుకు 4 కి.మీ. చొప్పున 100 లీటర్లు. అనగా అదనపు వ్యయము 1,000 రూపాయలు. పది టన్నులనగా 10,000 కిలోలు గనుక కిలోకు పడునది 10 పైసలు! లారీ ఖాళీగా తిరిగి వచ్చినదనుకొన్నను 20 పైసలే. డీజిలు పేరు చెప్పి అంగడిలో కిలోకు రెండు రూపాయలు పెంచినచో, ఆ పెంపులో డీజిలు పాత్ర ఎంతయో మా విద్యార్థులు ఇక లెక్కించుకొనగలరు. ముందే ఒప్పందము వ్రాసికొన్న చిన్న లారీ యజమాని కొంతకాలము నష్టపడుట నిజమే. కాని ఒప్పందము ముగిసిన వెంటనే అతడును కిరాయి పెంచును.

2022లో డీజిలు ధర పెరిగినప్పుడు మన రెండు రాష్ట్రముల ఆర్టీసీలును డీజిలు సెస్సు పేరిట టిక్కెట్టుపై అదనముగా వసూలు చేసినవి. బస్సు ఎక్కిన ప్రతివాడును తలా కొంత మోసెను.

ఆటో నడపువాని సంగతి అట్లు కాదు. రోజుకు 100 కి.మీ. తిరుగు ఆటో లీటరుకు 25 కి.మీ. ఇచ్చినచో 4 లీటర్లు కావలెను. లీటరుకు 10 రూపాయలు పెరిగినచో రోజుకు 40, నెలకు 26 దినముల పనికి 1,040 రూపాయలు. లారీ మీది వెయ్యి రూపాయలు పదివేల కిలోలకు పంపకమైనవి. ఆటో మీది వెయ్యి రూపాయలు ఒక్క మనిషి మీద పడినవి. అతడు ఎవరికి పంచగలడు? హైదరాబాదులో 2014లో ప్రభుత్వము మొదటి 1.6 కి.మీ.కు 20 రూపాయలు, ఆపై కి.మీ.కు 11 రూపాయలు అని మీటరు రేటు నిర్ణయించెను. ఇంధనపు ధర ఎన్నిమార్లు మారినను ఏండ్ల తరబడి ఆ రేటు మారలేదు. అచ్చటి ఆటోలు అనేకము గ్యాసుతో నడచునవే గాని, గ్యాసు ధరయు పెట్రోలుకు తోబుట్టువే. మీటరు వేయకుండ బేరమాడిన ఆటోవానిని మనము దూషింతుము. కాలము చెల్లిన రేటుతో మీటరు వేయుమనుట ఎంత న్యాయమో ఆలోచింపము.

మా కర్నూలు వంటి పట్టణములలో మీటరు ప్రసక్తియే లేదు. షేర్ ఆటోలదే రాజ్యము. ఇచట మరియొక చిక్కు. ‘సవారీ’ తలకు పది రూపాయలు ఇచ్చును. (సవారీ, కిరాయి అను మాటలు ఉర్దూ నుండి వచ్చి తెలుగు ఆటోలలో స్థిరపడినవి, ఈ సంచిక రెండు భాషల పాఠకులకును అవి స్వంతమే.) న్యాయముగా పెరుగవలసినది అర్ధరూపాయి కావచ్చును. అర్ధరూపాయి చెల్లని దినములివి. పదిని పదిహేను చేసినచో సవారీ నడచి పోవును, లేదా వెనుక ఆటో ఎక్కును. కనుక పది పదిగానే ఉండును. నలుగురు కూర్చొను చోట ఆరుగురు కూర్చొందురు. కిక్కిరిసిన ఆటోను చూచి చట్టము గూర్చి మాటలాడువారు ఈ అర్ధరూపాయి లెక్కను కూడ చూడవలెను.

ఈ కోవకే చెందినవారు మా విద్యార్థులలోను కలరు. పగలు తరగతులు విని, సాయంకాలము స్వంత బండి మీద ఇంటింటికి భోజనపు పొట్లములు చేరవేయు యువకులు వారు. బండి వారిది, పెట్రోలు వారిది. పొట్లమునకు ఇంత అను రేటు మాత్రము వేరొకరు నిర్ణయించినది.

ధర ఎందుకు పెరుగును? మన దేశము ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా దిగుమతి చేసికొనుచున్నది. 1973 అక్టోబరు యుద్ధము తరువాత కొన్ని నెలలలోనే బారెలు ధర నాలుగింతలైనది. ఆనాటి నుండి పశ్చిమాసియాలో కలత పుట్టినప్పుడెల్ల ఆ వార్త మన బంకుల దాక వచ్చుచున్నది. అదే బారెలు మరియొక దారిని కూడ చూపినది. చమురు సొమ్ముతో గల్ఫు దేశములలో లేచిన కట్టడములలో పని చేయుటకు కడప, కరీంనగరము, హైదరాబాదు పాతబస్తీల నుండి వేలకొలది జనము పోయిరి. కువైటులో డ్రైవరుగా ఉన్న తండ్రి పంపిన సొమ్ముతో ఇక్కడ కుమారుడు ప్రియమైన పెట్రోలు పోయించుకొని కళాశాలకు వచ్చుట మన యిండ్లలో వింత కాదు.

కాని నేరమంతయు పరదేశములదే అనుట సరికాదు. పెట్రోలు ధరపై నియంత్రణ 2010 జూన్‌లోను, డీజిలు ధరపై 2014 అక్టోబరులోను తొలగినది. 2017 జూన్ నుండి దేశమంతట ధరను ఏ రోజుకారోజు నిర్ణయించు పద్ధతి వచ్చినది. ముడిచమురు చౌకయైనప్పుడు బంకులో కూడ చౌక కావలెను కదా! 2020 ఏప్రిల్‌లో అమెరికా విపణిలో ఒకనాడు బారెలు ధర సున్నకు దిగువకు పోయెను. మే నెలలో కేంద్ర ప్రభుత్వము పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయల సుంకము అదనముగా విధించెను. లీటరు పెట్రోలుపై 2014లో 9.48 రూపాయలున్న కేంద్ర సుంకము అప్పటికి 32.98 రూపాయలైనది. 2021 నవంబరులోను 2022 మేలోను కొంత తగ్గించిరి. రాష్ట్రముల పన్ను వేరు. 2024 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై నూటికి 31 వంతుల వ్యాటు, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు 1 రూపాయి. శాతముగా వేసిన పన్ను ధరతో పాటు తానును పెరుగును గనుక ధర మండినప్పుడు ఖజానాకు నష్టము లేదు. రోడ్లకు, బడులకు ధనము కావలెననుట మేము కాదనము. కాని కారుకును మోపెడ్‌కును లీటరుకు ఒకే పన్ను. వారి ఆదాయములు మాత్రము ఒకటి కావు.

మా జిల్లా సరిహద్దు గ్రామములవారికి ఈ పన్నుల తేడా బాగుగా తెలియును. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వము లీటరుకు 3 రూపాయలు పెంచిన తరువాత కూడ అచ్చటి పెట్రోలు మనకంటె ఆరేడు రూపాయలు తక్కువగానే ఉండెను. మంత్రాలయము వైపు నుండి రాయచూరు పోయినవాడు ట్యాంకు నింపుకొని వచ్చుట సహజమే. బంకు దగ్గర లేని పల్లెవానికి ఆ భాగ్యము లేదు. అతడు కొనునది చిల్లర దుకాణములోని సీసా పెట్రోలు. అది బంకు ధరకు మించినది, కొలత నమ్మరానిది, అగ్గిపుల్ల దూరములో నుండునది. అందరికంటె పేదవాడు అందరికంటె ప్రియముగా కొనుచున్నాడు.

వాహనదారు తనంతట తాను చేసికొనగలవి కొన్ని కలవు. టైర్లలో గాలి సరిగా ఉంచుట, గంటకు 40, 50 కి.మీ. వేగము మించకుండుట, సిగ్నలు వద్ద ఇంజను ఆపుట మంచివి. కొలతపై అనుమానము కలిగినచో బంకులో నుండు ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపుమని అడుగు హక్కు ప్రతి కొనుగోలుదారుకు ఉన్నది; అడుగుటకు మొగమాటపడరాదు. విద్యుత్ స్కూటరు కొనుమని సలహా యిచ్చువారు పెక్కురు. దాని నడక చౌకయే, కాని మొదటి ధర ఎక్కువ. అద్దె యింటి మేడమీద కాపురమున్నవాడు వీధిలోని బండికి కరెంటు ఎట్లు తెచ్చుకొనును?

మా కళాశాలకు సంబంధించిన లెక్క ఒకటి మిగిలినది. ఎనిమిది కి.మీ. దూరము నుండి స్వంతముగా మోపెడ్ మీద వచ్చు బాలుడు రోజుకు 16 కి.మీ. తిరుగును. అంతే దూరము నుండి తండ్రి దింపి పోవు బాలిక విషయమున ఆ బండి ఉదయము వచ్చి పోవలెను, సాయంకాలము మరల వచ్చి పోవలెను. అనగా 32 కి.మీ. కనుక ఆడపిల్ల చదువుకు పెట్రోలు రెండింతలు. ధర పెరిగిన ఇంట ఎవరి చదువు ముందు చర్చకు వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు మొదలైన బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించిరి. తెలంగాణమున 2023 డిసెంబరులోనే ఇట్టి సౌకర్యము వచ్చినప్పుడు కిరాయిలు తగ్గినవని ఆటోవారు ఆందోళన చేసిరి. ఆ బాధయు నిజమైనదే. అయినను మా బాలికలకు ఇది గొప్ప అవకాశము. చిక్కంతయు వేళలలో ఉన్నది. మొదటి పీరియడు ఆరంభమైన పిమ్మట వచ్చు ఉచిత బస్సు వలన తండ్రి బండి తీయక తప్పదు. కళాశాల కమిటీవారు ఆర్టీసీ డిపో అధికారులను కలిసికొని, ఏ ఏ గ్రామముల నుండి ఎందరు బాలికలు వచ్చుచున్నారో జాబితాతో సహా చూపి, ఉదయపు బస్సును తరగతుల వేళకు ముందుగా నడిపింపుమని కోరవలెను. ఆ జాబితా తయారు చేసి యిచ్చుటకు మేమును మా విద్యార్థులును సిద్ధముగా ఉన్నాము.